నాలుగో చోటు

నది ఒడ్డు సంగతి కావాలంటే వాళ్ళనీ వీళ్ళనీ అడగడం దేనికి, నన్నడగండి. ఏ రాతికింద ఏ పీత కాపురం పెట్టిందో, దాని పిల్లల్లో ఏది అల్లరిదో కూడా చెప్పగలను. ఆ ఒడ్డంతా నాకు కొట్టినపిండి. కాబట్టి ఆ ఆదివారం మధ్యాహ్నం అక్కడ జరిగింది జరిగినట్టు చెబుతాను.

బొంగరం వాళ్ళ నాన్న అప్పుడే చాప పరిచాడు. ఆయన టైలరు. చాప మీద కూడా ముడత కనబడకూడదు. వంగి, అటు లాగి, ఇటు సర్ది, "ఆ, ఇప్పుడు కూర్చోండి" అన్నాడు. తమ్ముడు బుడంకాయ వెంటనే ఉడికించిన గుడ్ల డబ్బా మీద చెయ్యి వేశాడు. అమ్మమ్మ చేతికర్ర పక్కన పెట్టి, మెల్లగా చెప్పుల బకిల్ విప్పుకుంటోంది. అక్కడ ఒడ్డు ఇసుక వాలుగా నీళ్ళలోకి దిగుతుంది. నాలుగడుగులు వేస్తే చాలు, పాదాలు తడుస్తాయి.

"ఇక్కడ వద్దు!" అంది బొంగరం.

బొంగరం అంటే ఆడుకునే బొంగరం కాదు, పదేళ్ళ పిల్ల. ఒకచోట నిలబడగా ఎవరూ చూడలేదు గనక ఇంట్లో అందరూ అలాగే పిలుస్తారు. బడిలో టీచరు కూడా ఒకసారి హాజరు తీసుకుంటూ నోరుజారి "బొంగరం" అనేసింది. పిల్ల కూడా "ప్రెజెంట్ టీచర్" అనేసింది.

"ఇక్కడేమైందే?" అంది అమ్మ.

"చీమలు!"

"రెండంటే రెండున్నాయి."

"వాటికి చుట్టాలుండరా? ఆ పొదలవతల ఇంకా బాగుంటుంది. లేవండి, లేవండి!"

పిల్ల ఆరాటానికి కారణం ఉంది. బడిలో తన పక్కన కూర్చునే అమ్మాయి కిందటివారం పిక్నిక్‌కి వెళ్ళొచ్చింది. 'మేం కూర్చున్న చోటు అచ్చం సినిమాలో లాగుంది తెలుసా' అని వారమంతా ఊదరగొట్టింది. రేపు బొంగరం అంతకంటే గొప్ప చోటు గురించి చెప్పాలి. చీమల గురించి చెబితే పరువేం కాను?

అమ్మమ్మ విప్పిన బకిల్ మళ్ళీ పెట్టుకుంది. మోకాలి ఆపరేషన్ అయ్యాక ఆమె ఇల్లు దాటడం ఇదే మొదలు. ఇన్నాళ్ళూ మంచం, కిటికీ, మందుబిళ్ళలు, అంతే. నదికి వెళ్దామని అడిగింది కూడా ఆమే. "కాసేపు నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చోవాలనుందే" అని పొద్దున బస్సులో అంది. బొంగరం ఆ మాట విన్నది. కానీ అప్పుడు పిల్ల చూపు కిటికీ బయట మేకల మీద ఉంది.

"నడవగలవా అమ్మా?" అంది అమ్మ.

"నడుస్తానులే. డాక్టరు నడవమనేగా చెప్పాడు" అంది అమ్మమ్మ, కర్ర అందుకుంటూ.

రెండోచోట ఎండ ముక్కు మీద పడుతోందట. మూడోచోట ఎవరో రేడియో పెట్టుకున్నారట, అందులో పాట బాగాలేదట. ప్రతిసారీ నాన్న చాప చుట్టాడు, పెద్ద ఐస్‌బాక్సు భుజాన పెట్టుకున్నాడు. ప్రతిసారీ అమ్మమ్మ లేచింది.

"ఏమే, నేను రోజూ సిటీ బస్సు నడుపుతాను. అది కూడా స్టాపొస్తే కాసేపు ఆగుతుంది" అంది అమ్మ. "సాయంత్రం నాకు డ్యూటీ ఉందని మర్చిపోకు."

"ఇంకొక్కటే అమ్మా! ఆ మలుపు తిరిగితే చాలు."

"ఇలాగైతే గుడ్లు పిల్లలైపోతాయి" అన్నాడు బుడంకాయ.

"ఉడికించినవి పిల్లలవ్వవురా" అన్నాడు నాన్న.

"ఇంతసేపు ఉంటే అవుతాయి."

ఆ మలుపు అవతల ఏముందో నాకూ తెలియదు. 'ఒడ్డంతా కొట్టినపిండి అన్నావుగా తాతా' అంటారా? అన్నాను. మలుపుదాకానే కొట్టాను. అంతలో చెయ్యి నొప్పెట్టింది. ఆ పీత పిల్లల్ని కూడా నేను దగ్గరగా చూడలేదు లెండి. ఇకనుంచి బొంగరం వెనకాలే నడుద్దాం.

మలుపు తిరగగానే బొంగరం గట్టిగా అరిచింది. పచ్చటి గడ్డి. గొడుగు పట్టినట్టు చెట్టు. బల్లలాగా నున్నటి రాయి. పక్కనే రోడ్డు, బస్సు కూడా అక్కడే ఎక్కవచ్చు.

"ఇదీ! నే చెప్పానా?"

అందరూ కూలబడ్డారు. అమ్మమ్మ రాతి మీద కూర్చుని ఆయాసం తీర్చుకుంది. తరవాత రెండు చెప్పులూ విప్పి, పక్కపక్కన పెట్టుకుంది. ముందుకు వంగి కిందికి చూసింది.

అక్కడ ఒడ్డు గోడ కట్టినట్టుంది. నీళ్ళు ఎక్కడో అడుగున, బావిలో కనబడ్డట్టు కనబడుతున్నాయి.

అమ్మమ్మ కాసేపు అలాగే చూసింది. గాలిలో ఆమె కాలివేళ్ళు ఒకసారి కదిలాయి. తరవాత చెప్పులు దులిపి మళ్ళీ తొడుక్కుంది.

"ఏం అమ్మా?"

"ఏం లేదే. గడ్డిలో ముళ్ళుంటాయేమోనని."

గడ్డిలో ముళ్ళు లేవు. బొంగరానికి తెలుసు, ఇప్పుడే దానిమీద దొర్లింది.

ఆ చోటు చూస్తూ చూస్తుండగానే బాగాలేకుండా పోయింది.

"మొదటి చోటికి వెళ్దామా?" అంది చిన్నగా.

అమ్మ అమ్మమ్మ మోకాలు తడిమి చూసింది. "వాచింది. ఇక ఒక్క అడుగు కూడా వద్దు. తినేసి ఇటునుంచి ఇటే బస్సెక్కుదాం."

"పోనీలే అమ్మడూ, నదిని చూస్తున్నాగా" అంది అమ్మమ్మ.

నాన్న గుడ్డు ఒలిచిచ్చాడు. బొంగరం అది చేతిలో పట్టుకునే కూర్చుంది. లేచింది, కూర్చుంది, మళ్ళీ లేచింది. ఉన్నట్టుండి గుడ్డు బుడంకాయ నోట్లో కుక్కి, ఐస్‌బాక్సులోని సీసాలన్నీ తీసి చాప మీద పెట్టింది.

"నాన్నా, రా."

"అయిదో చోటుకా తల్లీ? నన్నొదిలెయ్యవే!"

"కాదు. మొదటి చోటుకి. మనిద్దరమే."

పరుగున వెళ్ళారు. వాలులో దిగి, బాక్సు నింపి, చెరో పిడీ పట్టుకున్నారు. బొంగరం అలవాటు కొద్దీ గెంతింది. నీళ్ళు భళ్ళున నాన్న ప్యాంటు మీద పడ్డాయి.

"ఇది నేను కుట్టుకున్న ప్యాంటే! కాస్త చూసి నడు."

వెనక్కి వెళ్ళి మళ్ళీ నింపారు. ఈసారి పిల్ల పళ్ళు బిగబట్టి నడిచింది. అడుగు తీసి అడుగు. చెయ్యి లాగేస్తోంది. దారిలో చెట్ల సందున ఇందాక హడావిడిలో చూడని చోటొకటి కనబడింది. రాళ్ళ మీంచి సన్నటి నీటిధార, దానిచుట్టూ పసుపురంగు సీతాకోకచిలుకలు. సినిమాలో కూడా ఉండదు అలాంటిది. బొంగరం మెడ అటు తిరిగింది.

"చూసొస్తావా?" అన్నాడు నాన్న.

"వద్దు. నీళ్ళు ఒలుకుతాయి."

బాక్సు తెచ్చి అమ్మమ్మ కాళ్ళముందు పెట్టారు. బొంగరమే ఆమె చెప్పుల బకిల్స్ విప్పింది. అమ్మమ్మ ఒక కాలు పెట్టింది, రెండో కాలు పెట్టింది, కళ్ళు మూసుకుంది.

అంతలో నీళ్ళలోంచి వేలెడంత చేపపిల్ల ఒకటి పైకొచ్చి, అమ్మమ్మ బొటనవేలిని ముద్దుపెట్టుకుంది. "ఓసి నీ ఇల్లు బంగారం కానూ! కితకితలే!" అని అమ్మమ్మ పగలబడి నవ్వింది. ఆపరేషన్ తరవాత ఇంట్లో ఎవరూ విననంత నవ్వు. ఆమె కాళ్ళు ఆడించేసరికి బాక్సు అటూ ఇటూ ఊగింది.

"అక్కా, ఉడత! చెట్టెక్కుతోంది, రా!" బుడంకాయ దూరం నుంచి కేక పెట్టాడు.

బొంగరం బాసింపట్టు వేసుకుని, బాక్సును రెండు చేతులా పట్టుకుంది.

"నువ్వు చూడరా. నాకు పనుంది."

అమ్మ వాచీ చూసుకుంది. "ఈ బస్సు పోనీలే, వెనకాల ఇంకోటొస్తుంది" అంది. బస్సు పోయింది. అమ్మమ్మ కాళ్ళు తీసేదాకా పిల్ల అక్కణ్ణుంచి కదల్లేదు.

ఆ చేపపిల్ల మాత్రం కథలో నేను కలిపి వేసిందే. నిజానికి బాక్సులో వచ్చింది ఒక ఎండుటాకు.