ఆమె దగ్గరికొస్తే పనిచేయని రిమోట్

"ఎవడ్రా వాడు? సభ చెడగొట్టనీకి వచ్చిండా?"

తెలంగాణ కోసం మానుకోట రోడ్డు మీదే వండుకొని తినే వంటావార్పు జోరుగా సాగుతోంది. సకల జనుల సమ్మెతో బస్సుల్లేవు, బడుల్లేవు. టెంటు కింద అనిత మాట్లాడుతుండగా, వెనకాల ఆగివున్న తెల్ల కారు ఒక్కసారిగా అరవడం మొదలుపెట్టింది.

అలా కసిరి, అనిత మైకు పట్టుకునే గబగబా అక్కడికి వెళ్లింది. కారు తలుపు తెరిచి ఒక కుర్రాడు బిత్తరపోయి నిలబడి ఉన్నాడు. పేరు కల్యాణ్.

"ఏంది గిది? ఎవరు పంపిన్రు నిన్ను?"

"ఎవరు పంపలే. రిమోట్ పని చేస్తలేదు. చాబితోని తీస్తే గిట్ల మొత్తుకుంటున్నది. రిమోట్ నొక్కితేనే అలారం ఆగుతది, ఇంజన్ లేస్తది. జనగామల మా సారు కారు. మా అవ్వకు కంటి ఆపరేషన్ అయింది, దవాఖాన నుంచి తండాకు తీస్కపోవాలె. పొద్దటి సంది నాకోసం చూస్తున్నది."

అనిత కోపం సగం దిగిపోయింది.

"రిమోట్ల సెల్లు అయిపోయుంటది. దుకాణాలన్నీ బందే. గడియారాల దుకాణం మొహిద్దీన్ చాచాను అడిగి చూస్త, ఉండు."

చేతిలో ఉన్నది వైరు లేని మైకు, కిరాయిది. పోతే తన మీదికొస్తుందని దాన్ని చున్నీలో చుట్టుకొని వెళ్లింది. టెంటు కింద ఆడవాళ్లు పాట ఎత్తుకున్నారు.

ఆమె మలుపు తిరిగాక కల్యాణ్ ఊరికే రిమోట్ నొక్కాడు. అలారం ఆగిపోయింది! మళ్లీ నొక్కితే తలుపులు టక్కున పడ్డాయి. అంతలో అనిత తిరిగొచ్చింది.

"పని చేస్తున్నది! చూడు!"

నొక్కాడు. చడీచప్పుడు లేదు.

"ఏది?"

"ఇప్పుడే చేసింది. ఒట్టు."

"చాచాతోని సగం షటర్ లేపిచ్చి తెచ్చిన. పరేషాన్ చేయకు. సెల్లు మార్చు."

మార్చాడు. తుడిచాడు. అద్దానికి ఆనించి నొక్కాడు. కారు పలకలేదు. దూరంగా పొయ్యిల దగ్గర్నుంచి ఎవరో పిలిస్తే అనిత వెళ్లింది. ఆమె అటు వెళ్లగానే నొక్కితే, టక్! తెరుచుకుంది. కేకేసి పిలిచాడు. ఆమె రాగానే మళ్లీ మూగబోయింది.

కల్యాణ్‌కు బుర్ర పనిచేయలేదు. "నువ్వు దగ్గరుంటే పని చేస్తలేదు!" అన్నాడు.

నవ్వుతుందనుకున్నాడు. ఆమె ముఖం చిన్నబోయింది.

"నువ్వు గూడ గదే అంటున్నవా? నిరుడు నాకు లగ్గం కుదిరింది. గంతలనే పిల్లగాని నాయిన బండి మీది నుంచి పడ్డడు. నా అడుగు మంచిది కాదని ఇడిసిపెట్టిన్రు. నేను పోత. నీ కారు తెరుచుకుంటది."

ఆమె వెళ్లాక నిజంగానే తెరుచుకుంది. కల్యాణ్ లోపల కూర్చున్నాడు. ఇంజన్ లేచింది. దవాఖానలో అవ్వ ఎదురుచూస్తోంది. అయినా కారు కదిలించలేకపోయాడు. ఇంజన్ ఆపి, ఆమె వెనకాలే పరుగెత్తాడు.

"జర ఆగు. నీ దగ్గర ఏమున్నది?"

"ఏమున్నది? నా నసీబు."

"గది కాదు. ఫోన్ ఆడ బెంచి మీద పెట్టు."

పెట్టింది. ఇద్దరూ కారు దగ్గరికి వచ్చారు. రిమోట్ పని చేయలేదు.

"ఇంక గాజులు గూడ తియ్యాల్నా?" అంది ఉక్రోషంగా.

అప్పుడు చూశాడు. చున్నీ మడతలోంచి చిన్న ఎర్రదీపం మినుకుమంటోంది.

"మైకు! గది బంద్ చెయ్."

దీపం ఆరిపోయింది. కల్యాణ్ నొక్కలేదు. రిమోట్ ఆమె చేతిలో పెట్టాడు.

"నువ్వే నొక్కు."

"నేనొద్దు."

"నొక్కు."

అనిత కళ్లు మూసుకొని నొక్కింది. కారు రెండు వైపులా కన్నుగీటింది. నమ్మలేక మళ్లీ నొక్కింది. మైకు వేస్తే కారు పలకలేదు, ఆపేస్తే తెరుచుకుంది.

"రెండూ గాలిలనే మాట పంపుతయి. మైకు జోరుల రిమోట్ మాట కారుకు ఇనబడ్తలేదు. గంతే. నువ్వు కాదు."

"నేను కాదు," అంది అనిత. కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

రోడ్డంతా జనం. మైకు ఒక అక్కకు అప్పజెప్పి, సందుల్లోంచి దారి చూపడానికి తనూ కారెక్కింది. దవాఖాన అరుగు మీద నల్లద్దాలతో కూర్చున్న రామి అవ్వ ఆమెను తేరిపార చూసింది.

"ఎవరు బిడ్డ నువ్వు? కట్టు ఇప్పినంక సాఫుగ కనబడ్డ మొదటి ముఖం నీదే. సల్లగుండు."

అనిత వంగి అవ్వ చేయి పట్టి లేపింది. టెంటు దగ్గర దిగుతుంటే కల్యాణ్ గొంతు సవరించుకున్నాడు.

"మీ నాయినను ఎప్పుడు కలవాలె?"

"ఎందుకు?"

"అడగనీకి."

"ఏమడుగుతవ్?"

"అదే... నిన్ను."

అనిత చున్నీ అంచు చుడుతూ రైలు స్టేషన్ వైపు చూపించింది.

"రైల్‌రోకోల పట్టాల మీద కూసున్నడు. లెమ్మంటే లేవడు."

అవ్వను తండాలో దింపి, పొద్దు వాలకముందే కల్యాణ్ స్టేషన్ చేరుకున్నాడు. పట్టాల మీద అనిత తండ్రి ప్రేమ్‌సింగ్ పక్కనే చోటు చేసుకొని కూర్చున్నాడు.

"ఏ ఊరు బిడ్డ? ఏం పని మీద వచ్చినవ్?"

దారంతా అనుకున్న మాటలన్నీ కల్యాణ్ మరిచిపోయాడు. తెలంగాణ కోసమనాలా, పిల్ల కోసమనాలా తేల్చుకోలేక తడబడ్డాడు. టెంటు నుంచి అన్నం తెచ్చి అందరికీ విస్తళ్లు వేస్తూ వచ్చిన అనిత అతని ముందు ఆగింది.

"నాయినా, ఈయన నన్ను అడగనీకి వచ్చిండు. నేనైతే సరే అన్న. ఇగ మీరిద్దరు మాట్లాడుకోన్రి," అని అతని విస్తట్లో అన్నం వడ్డించింది.