బియ్యం డబ్బాలో ఊపిరి

పెళ్ళిచూపులకు వచ్చేవాళ్ళ కారు ఊళ్ళోకి వచ్చిందని కబురు అందగానే దేవకుమారి కూతురు స్తుతి ఇన్‌హేలర్లు రెండూ తీసుకెళ్ళి బియ్యం డబ్బాలో అడుగుకంటా దూర్చేసింది. ఒకటి రోజూ పీల్చాల్సింది, ఇంకొకటి ఆయాసం ముంచుకొచ్చినప్పుడు పీల్చేది. స్తుతి కోపంతో జడ సగంలోనే వదిలేసింది.

"ఆయాసం ఉందంటే ఎవరు చేసుకుంటారే? పెళ్ళయ్యాక చెబుదాం," అంది తల్లి.

"ఊపిరి దాచుకుని కాపురం చెయ్యనా?"

మిరపకాయల రోజుల్లో వినుకొండ పక్క పల్లెల్లో అది అయ్యే పని కాదు. వాకిలి నిండా కాయలు ఆరబోసి ఉన్నాయి. పక్కింటి అరుగు మీద ఆడవాళ్ళు తొడిమలు తీస్తున్నారు. గాలి కదిలితే చాలు, ఘాటంతా ఇంట్లోకే.

పెళ్ళికొడుకు జయపాల్ మంగళగిరి దగ్గర ఫార్మసీ కాలేజీలో రీసెర్చ్ చేస్తున్నాడు. అందరూ కూర్చుని ప్రార్థన చేసుకున్నాక స్తుతి మేనమామ దేనిమీద అని అడిగాడు. ఆస్తమా మీద అన్నాడతను. దేవకుమారి గబగబా అతని చేతికి కాఫీ కప్పు అందించింది. అంత కోపంలోనూ స్తుతికి నవ్వొచ్చింది.

"రోజూ పీల్చే ఇన్‌హేలర్‌లో స్టెరాయిడ్ ఉంటుందండి. అది కణంలోకి వెళ్ళి అక్కడున్న ఒక రిసెప్టర్‌ని కలుస్తుంది. రెండూ కలిసి కణం నడుమనున్న న్యూక్లియస్ దాకా వెళ్ళి, వాపు పుట్టించే జీన్లను అణిచేస్తాయి. ఫలితం వెంటనే తెలియదు. అందుకే ఆయాసం లేని రోజు కూడా పీల్చాలి."

ఆయాసం లేని రోజు స్తుతి ఎన్నడూ పీల్చింది లేదు. పైగా మందు పనిచెయ్యదని తిట్టుకునేది. తలెత్తి చూసింది. అతను చూపు తప్పించలేదు.

అంతలో అతని తల్లి అందుకుంది. తమ వంశంలో అలాంటి జబ్బులు లేవని, ఇక్కడా లేనట్టే కదా అని అడిగింది. దేవకుమారి లేవంది. జయపాల్ కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు.

స్తుతి లేచింది. "నాకుందండి. మందులు బియ్యం డబ్బాలో ఉన్నాయి."

అతను ఇప్పుడైనా ఒక్క మాట అంటాడనుకుంది. అనలేదు. అతని తల్లి తాగని కాఫీ కింద పెట్టి, చెంగు సర్దుకుని లేచింది. స్తుతి కోపమంతా అతని మీదికి మళ్ళింది. వంటింట్లో బియ్యంలో చెయ్యి పెట్టి ఇన్‌హేలర్లు లాక్కుని పెరట్లోకి వెళ్ళిపోయింది.

కాసేపటికి వెనక దగ్గు. జయపాల్ గోడ పట్టుకుని నిలబడ్డాడు. అతని ఛాతీలో సన్నగా ఈల. ఆ ఈల ఆమెకు బాగా తెలుసు.

"మీ ఇన్‌హేలర్ ఏదీ?"

"కార్లో. అమ్మ తియ్యొద్దంది."

ఆయాసానికి వాడేది అతని చేతిలో పెట్టింది. ఊపిరి సర్దుకునేదాకా ఆగింది. తర్వాత మాత్రం అతన్ని ఊరికే వదల్లేదు.

"మందు న్యూక్లియస్ దాకా వెళ్తుందన్నారు. మీరు మీ అమ్మగారి దాకా కూడా వెళ్ళలేకపోయారు."

"నిజమే."

"నిజమే అంటే సరిపోదు. దాచిపెట్టే ఇంటికి నేను రాను. నాది అందరికీ కనపడేచోటే ఉంటుంది. మీదీ అక్కడే ఉండాలి."

"పక్కపక్కనేనా?"

"ముందు లోపలికెళ్ళి చెప్పండి."

వెళ్ళాడు. స్తుతి వంటింటి గుమ్మంలో నిలబడి విన్నది.

"అమ్మా, కారు తాళాలివ్వు. నా ఇన్‌హేలర్ తెచ్చుకోవాలి."

తల్లి తాళాలు అతని చేతిలో పెట్టింది. అతను కారు దగ్గరికి వెళ్తుంటే కుర్చీ కిర్రుమంది. అతని తల్లి మళ్ళీ కూర్చుంది. కాఫీ చల్లారిపోయిందని, ఇంకోసారి పెట్టమని దేవకుమారితో మెల్లగా అంది.

ఈసారి స్తుతి తెచ్చిన ట్రేలో కప్పుల మధ్య ఆమె ఇన్‌హేలర్ ఉంది. జయపాల్ కప్పు తీసుకుని, ఆ ఖాళీలో తనది పెట్టాడు.

"నా కోపం తగ్గలేదు," అంది స్తుతి, అతనికి మాత్రమే వినపడేలా.

"వెంటనే తగ్గదండి," అన్నాడు. "రోజూ చూసుకోవాలి."