తడి బస్తాల వెనక రూటర్

“సూర్యలంక తీరంలో మారువేషాల్లో ఉన్న మన ఏజెంట్ల పేర్లు, ఫొటోలు, వీడియోలు. ఫైల్ మొత్తం విదేశీ ముఠా చేతిలో పడింది.” తెనాలి ఆఫీసులో తలుపు మూసి చెప్పాడు చీఫ్ ప్రకాశరావు. “రేపల్లె మిల్లుల్లో ఎక్కడి నుంచో ఇవాళే నెట్‌లో విదేశానికి పంపుతారు. పూర్తిగా చేరితే మనవాళ్లు ఒక్కరూ మిగలరు.”

ఏజెంట్ జ్ఞానానందం ఇంటర్నెట్ కంపెనీ చొక్కా తొడుక్కున్నాడు. బ్యాగులో స్పీడ్ టెస్టర్. దాని బటన్ నొక్కితే లొకేషన్ తెనాలికి చేరుతుంది.

మూతపడ్డ బియ్యం మిల్లు. దాన్ని అద్దెకు తీసుకున్న మనోజ్ గుమ్మంలోనే ఆపాడు.

“ఏంటి బాబాయ్, మేం కంప్లైంట్ ఇవ్వలేదే?”

“రొటీన్ చెకింగండి. వైరు స్పీడెంత, వైఫై స్పీడెంత అని చూసి రమ్మన్నారు.”

హాల్లో లాప్‌టాప్. ఇద్దరు తుపాకీవాళ్లు. వాళ్ల మధ్య ఎర్రచీరలో జెస్సీ. డిపార్ట్‌మెంట్ నుంచి మాయమై ముఠాలో చేరిందని అందరూ చెప్పుకునే జెస్సీ!

వైరు మూడు వందలు. వైఫై నూట ఎనభై. జ్ఞానానందం బటన్ నొక్కాడు.

“ఈయన మనవాడు కాదు, కట్టేయండి” అంది జెస్సీ చల్లగా.

కిటికీ లేని వెనకగదిలోకి కుర్చీతో సహా తోశారు. రూటర్ పైన అటక మీద ఉంది.

“కుర్చీ ఆ గోడవైపు జరపండి” అంది జెస్సీ. “తలుపుకి గొళ్లెం లేదు. బస్తాలు అడ్డం వేయించు మనోజ్. వానకి తడిసిన ధాన్యం బస్తాలు. బరువుంటాయి.”

వెళ్తూ వెళ్తూ ఫ్యాన్ స్విచ్ వేసింది. ఆ మాత్రం దయ మిగిలినందుకు జ్ఞానానందం ఆశ్చర్యపోయాడు.

ధబ్, ధబ్‌మని బస్తాలు పడ్డాయి. తలుపు సందులోని వెలుగు ఆరిపోయింది. ముక్కిన ధాన్యం వాసన గొంతులో అడ్డం పడింది.

“పది నిమిషాల్లో అయిపోద్ది!” హాల్లో మనోజ్ కేక.

తెనాలి జీపుకి గంట పైనే పడుతుంది. రూటర్ నుంచి హాల్లోకి వెళ్లే కేబుల్ అతని చెంప పక్కనే వేలాడుతోంది. నెట్ పూర్తిగా ఆగితే ముఠా లాప్‌టాప్‌తో పారిపోతుంది. ఆగకూడదు, నెమ్మదించాలి. కేబుల్ తెగితే లాప్‌టాప్ వైఫైని అందుకుంటుంది. కానీ వైఫై కూడా నూట ఎనభై!

వేరే దారి లేదు. మెడ వంచి కొరికాడు. చిగుళ్లు చిట్లాయి. కేబుల్ తెగింది.

“ఎనభై శాతం దగ్గర స్పీడ్ పడిపోయిందేంటి? ఎనిమిదే చూపిస్తోంది!” హాల్లో మనోజ్ అరిచాడు.

జ్ఞానానందం చీకట్లో తలుపు వైపు చూశాడు. నూట ఎనభై వచ్చినప్పుడు అక్కడ బస్తాలు లేవు. ధాన్యంలోని తడి వైఫైని తాగేస్తోంది.

“బస్తాలు తీయించనా?” మనోజ్ గొంతు.

“తీస్తే వాడు బయటికొస్తాడు. స్క్రీన్ మీద బార్ కదులుతోందిగా, కూర్చో.” జెస్సీ గొంతు.

కదిలే బార్‌ని వదిలి మనోజ్ లేవలేకపోయాడు.

శాతాలు పైకే చదువుతున్నాడు. తొంభై. తొంభై అయిదు. ఊపిరి బరువెక్కింది. ఫ్యాన్ మాత్రం తిరుగుతూనే ఉంది. తొంభై తొమ్మిది...

బయట జీపు బ్రేకులు. “ఎవరూ కదలొద్దు!”

బస్తాలు ఒక్కొక్కటే పక్కకి దొర్లాయి. వెలుగు వచ్చింది. ఆ వెలుగులో, మూసిన లాప్‌టాప్ చేత్తో పట్టుకుని జెస్సీ.

“పూర్తిగా పోకముందే మూసేశా. ఒక్క శాతం తగ్గినా ఫైల్ తెరుచుకోదు.”

“మనదానివేనని ఒక్క మాట చెప్పలేదేం అమ్మాయ్?”

“చీఫ్ వద్దన్నారు బాబాయ్. ఫ్యాన్ వేశాగా!”

ఫోన్‌లో ప్రకాశరావు. “ఇంతకీ వైరుకీ వైఫైకీ ఏంటయ్యా తేడా?”

జ్ఞానానందం పళ్ల సందులోంచి ప్లాస్టిక్ ముక్క తీశాడు.

“వైరు వేగం ఎక్కువండి. కానీ నమలడం కష్టం.”