మొహం మారకూడదు

అయినా ఎనిమిదింటికి ఫుట్‌బాల్ సెలక్షన్ మ్యాచ్ పెట్టుకుని ఆరున్నరకి ఇంకా గదిలోంచి బయటికి రాని పిల్లని ఏమనాలి, తను ఆ వయసులో చీకటుండగానే బూట్లు బిగించేవాడు, దేశం జెర్సీ ఊరికే వస్తుందా, ఆఖరి మ్యాచ్‌కి మోకాలు వాచిపోయి ఉన్నా డాక్టర్ నొక్కితే మొహం కదల్లేదు, తొంభై నిమిషాలూ ఆడాడు.

కుర్చీ చేయి ఊతంగా పట్టుకుని లేచాడు. గదిలో కూతురు మంచం మీద కూర్చుని ఉంది. బ్యాగు ఖాళీగా ఉంది.

"నేను రావట్లేదు నాన్నా. మెట్లు కూడా దిగలేకపోతున్నాను."

"దెబ్బ తగిలినప్పట్నుంచీ మూడు వారాలుగా రోజూ నేనే నొక్కి చూస్తున్నాను. ఆ మోకాలికి ఏమీ లేదు. భయమేసిందని చెప్పు, వింటాను. కథలు చెప్పకు. ఆ కోచ్ దగ్గర నేనేం మొహం పెట్టుకుని నిలబడను?"

"మీ మొహం సంగతి తర్వాత," భార్య తడిచేతులతోనే గుమ్మంలోకి వచ్చింది. "ముందు దాని కాలు చూడండి."

"నువ్వు మధ్యలో రాకు. ఆట గురించి నీకేం తెలుసు?"

"ఆట తెలీదు. పాతికేళ్ళు మీ మోకాళ్ళకి కాపడం పెట్టాను, అవి తెలుసు. స్నానాలగదిలో కుళాయి తిప్పేసి మూలిగితే ఎవరికీ వినపడదనుకుంటారు మీరు."

ఒళ్ళు మండిపోయింది. భార్యని ఏమీ అనలేక కూతురి మీదికి తిరిగాడు. "నేను నొక్కినప్పుడు చెప్పడానికేం? నోరు పడిపోయిందా?"

"నాకు తొమ్మిదేళ్ళప్పుడు కుర్చీలో కూర్చోబెట్టి నేర్పింది నువ్వే. మోకాల్లో డాక్టర్ బొటనవేలు దిగగానే ఫ్యాన్ రెక్కలు చూడు, మొహం మారకూడదు అన్నావు. మారితే మళ్ళీ మొదట్నుంచీ నొక్కేవాడివి. ఈ మూడు వారాలూ ఫ్యాన్ చూశాను."

"అది డాక్టర్ల కోసం చెప్పాను. నా దగ్గర కూడా దాచమన్నానా?"

"నీ దగ్గరే కదా ప్రాక్టీసు చేశాను," అంది కూతురు. మోకాలు రెండు చేతులతో అదిమి పట్టుకుంది. మొహం మాత్రం అలాగే ఉంది.

ఆ మొహాన్ని చూసే నొప్పి తగ్గిందని రోజూ అనుకున్నాడు. తగ్గిందని స్టేడియం మెట్లు ఎక్కించి దించాడు. గర్వపడ్డాడు కూడా. కోపం ఇంకా ఉంది, తిట్టడానికే ఎవరూ మిగల్లేదు. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పనిది తన్నుకొచ్చింది. ఆ ఆఖరి మ్యాచ్‌లో డెబ్బయ్యో నిమిషాన కాలు తిరగలేదు, ఎదుటివాడు పక్కనుంచి వెళ్ళి గోల్ కొట్టాడు. రిటైరయ్యానని పేపర్లకి చెప్పుకున్నాడు గాని, నిజానికి మళ్ళీ పిలుపు రాలేదు. ఆరోజు నొప్పి అని ఉంటే తన జెర్సీ ఇంకొకడు వేసుకునేవాడు. అది చూడలేకపోయాడు, అంతే. దానికి ధైర్యమని పేరుపెట్టి పిల్లకి కూడా అంటించాడు.

కూతురి ఫోన్ మోగింది. కోచ్. కూతురు చెయ్యి చాపేలోపే తను అందుకుని హలో అన్నాడు.

"సార్, బస్సు బయల్దేరుతోంది. పిల్ల ఏదీ?"

కట్టు గట్టిగా కట్టి పంపిస్తానని నోటిదాకా వచ్చింది. మింగేశాడు.

"ఇవాళ ఆడదు. మోకాలు నొప్పిగా ఉంది."

"మీరు చూశారా సార్?"

"రోజూ చూశాను," అన్నాడు. "నాకు తెలీలేదు. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తున్నాను."