పక్కవాటాకి వినబడకుండా

ఆ నెలాఖరులోగా నేను చేయాల్సిన పనులు ఇవి. రంగు తుపాకిని విప్పి మళ్ళీ బిగించడం నేర్చుకోవాలి. ఇరవై గజాల దూరంలో ఉన్న చెట్టు మొదలుకి గురి తప్పకుండా కొట్టగలగాలి. మారేడుమిల్లి క్యాంపుకి రగ్గు, టార్చిలైటు కొనుక్కోవాలి. అమ్మకి ఉత్తరం రాయాలి. అన్నిటికంటే ముందు, ఆ తుపాకి చప్పుడు పక్కవాటాకి వినబడకుండా చేయాలి.

ఈ చివరి పని మా ఆఫీసరు చంద్రరావుగారు చెప్పింది కాదు. పక్కవాటా అమ్మాయి చెప్పింది.

అది 1979 జూలై. అంతర్వేది దగ్గర వల వేసుకుని బతికే బుల్లియ్య కొడుకుని నేను. పేరు భీమరాజు. మా ఇంట్లో బియస్సీ చదివిన మొదటివాణ్ణి. అటవీశాఖలో ఉద్యోగం వచ్చి, రాజమండ్రి ఆర్యాపురంలో కిరాణా వర్తకులు గున్నేశ్వరరావుగారి ఇంట్లో ఒక గది వాటాలో దిగాను.

అడవిలో కొట్టాల్సిన చెట్లకి వాగు ఇవతల నుంచే ఎర్రచుక్క పెట్టడానికి ఆఫీసుకి ఒక తుపాకి విదేశాల నుంచి వచ్చింది. గుండుకి బదులు రంగు గోళీ వేస్తారు. గోళీలు తక్కువ కాబట్టి, ఇంటిదగ్గర ఉత్త తుపాకితోనే సాధన చేయమన్నారు చంద్రరావుగారు. ఉత్తదే అయినా, లోపలి ఇనపకడ్డీని స్ప్రింగు తోసినప్పుడల్లా ఖటక్కుమనేది.

రెండోరోజు సాయంత్రమే ఎవరో తలుపు కొట్టారు.

"ఏంటండీ లోపల? కొబ్బరికాయలు కొడుతున్నారా?"

వానలో సగం గొడుగులోనూ సగం బయటా నిలబడి ఉంది గున్నేశ్వరరావుగారి అమ్మాయి మీనాకుమారి.

"కాదండి. తుపాకి."

ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. "ఎవర్ని కాల్చడానికి?"

"చెట్లనండి."

"చెట్లేం చేశాయండీ, పాపం?"

నేను పదినిమిషాలు వివరంగా చెప్పాను. నాకు క్లుప్తంగా చెప్పడం రాదు. ఆమె అంతా విని, "గవర్నమెంటు పనైతే చేసుకోండి. కానీ మీరు ఖటక్కుమనిపించినప్పుడల్లా మా నాయనమ్మ చేతిలో పోపుగరిటె ఎగిరిపడుతోంది. నిన్న ఆవాలు చారులో లేవు, నేలమీదున్నాయి" అంది.

"తగ్గిస్తానండి."

"దేన్ని? ఆవాలనా?"

నవ్వి వెళ్ళిపోయింది. వాన ఇంకా పడుతోందని నాకు చాలాసేపటికి గాని తెలియలేదు.

మర్నాడు సైకిలు ట్యూబు ముక్క ఉంగరంలా కోసి, కడ్డీ గుద్దుకునే చోట పెట్టాను. సాయంత్రం కిటికీ దగ్గర గొంతు వినబడింది.

"ఇవాళ కొబ్బరికాయ కాదండి, చెరుకుగడ విరిచినట్టుంది. పాస్ మార్కులు."

ఆ తరవాతిరోజు ఒక చిన్న సీసా తెచ్చింది. "మా కుట్టుమిషన్ నూనె. స్ప్రింగుకి వేసి చూడండి. సీసా మాత్రం మాదే."

ఆపైన పంపుస్టవ్ తోలు వాషరు, దానిమీద గ్రీజు. రోజూ నేను కొంచెం సవరించేవాణ్ణి, గోడ అవతల ఆమె వినేది, కిటికీ దగ్గరకొచ్చి మార్కులు వేసేది. నిజం చెప్పేస్తాను. అది ఒక్కరోజులో అయ్యే పని. పదహారు రోజులు చేశాను.

పదిహేడో రోజున ఇంక సాగదీయడానికి ఏమీ మిగల్లేదు. తుపాకి చిన్నగా టిక్ టిక్‌మంది.

"వందకి వందండి" అంది మీనాకుమారి.

'ఇంక మీరు రారా?' అని అడగాలనుకున్నాను. "థాంక్సండి" అన్నాను.

ఆమె ఒక్కక్షణం ఆగింది. నేను తుపాకి తుడుస్తూ ఉండిపోయాను. వెళ్ళిపోయింది.

తరవాతి వారం రోజులూ కిటికీ ఖాళీగా ఉంది. పెరట్లో బిందె చప్పుడైతే ఆమేనేమో అనుకునేవాణ్ణి. గాజుల చప్పుడైతే ఆమేనని తెలిసిపోయేది. ఏం చేయాలో తోచక రోజూ సాయంత్రం ఆ గోడవైపే తిరిగి గురి చూసి, తుపాకి మీట నొక్కేవాణ్ణి. గోడ అవతల ఆమె వింటోందన్న ఆశ ఒక్కటే.

క్యాంపుకి బయలుదేరే ముందురోజు గున్నేశ్వరరావుగారు కాజాల పళ్ళెంతో వచ్చారు.

"తీసుకో బాబూ. మా అమ్మాయికి తణుకు సంబంధం ఖాయం చేశాం. కుర్రాడు నాగేశ్వరప్రసాదు, బెల్లం వ్యాపారం. నిన్న సాయంత్రం మా అమ్మ 'ఇది మంచి సంబంధం' అందో లేదో, గోడమీద బల్లి పలికింది! 'కుర్రాడు బుద్ధిమంతుడు' అంటే మళ్ళీ పలికింది. 'అయితే ఖాయం చేద్దాం' అంటే మూడోసారి! ఇంక మా అమ్మ జాతకాలు కూడా వద్దంది."

నోట్లో కాజా అలాగే ఉండిపోయింది. నిన్న సాయంత్రం నేను సరిగ్గా మూడుసార్లే మీట నొక్కాను.

పెరట్లో మీనాకుమారి బట్టలు తీస్తోంది. వెళ్ళి, "ఆ పలికింది బల్లి కాదండి" అన్నాను.

"తెలుసండి. వందకి వంద వేసింది నేనే కదా."

"మరి చెప్పలేదేం?"

"నేను చెబితే, పెళ్ళి తప్పించుకోవడానికి కథలల్లుతోందంటారు. చెబితే మీరే చెప్పాలి. చెప్పకపోయినా మీ తప్పేం లేదు. రేపు పొద్దున్నే బస్సెక్కేస్తారు."

"చెబుతాను."

"ఊరికే చెప్పి వెళ్ళిపోకండి." ఆమె తీసిన బట్టలు మళ్ళీ తీగమీదే వేసింది. "ఆ పెళ్ళి ఎందుకు ఆగాలో కూడా చెప్పండి."

తుపాకి పట్టుకుని వాళ్ళ హాల్లోకి వెళ్ళాను. గున్నేశ్వరరావుగారు, నాయనమ్మ అమ్మణ్ణిగారు ఉన్నారు. మూడుసార్లు మీట నొక్కాను. అమ్మణ్ణిగారు కళ్ళు మూసుకుని విన్నారు. "ఇదే" అన్నారు.

"ఇప్పుడెందుకు చెబుతున్నావయ్యా?" గున్నేశ్వరరావుగారి గొంతు లేచింది.

"నిజం కాబట్టండి."

"అంతేనా?"

"అంతే కాదండి. మీనాకుమారిగారంటే నాకు ఇష్టం. మాది వలలు వేసే కులం. మా నాన్న చదువుకోలేదు. మీరు ఒప్పుకోవడం కష్టమని తెలుసు. అయినా అడుగుతున్నాను. ఆవిడని నాకిచ్చి పెళ్ళి చేయండి."

ఆయన గుమ్మం చూపించారు. అమ్మణ్ణిగారు లోపలికి వెళ్ళిపోయారు. నేను ఆ సాయంత్రమే గది ఖాళీ చేశాను.

తణుకు సంబంధం మాత్రం ఆగింది. బల్లి మాట కాదని తెలిశాక అమ్మణ్ణిగారు ముహూర్తం పెట్టనివ్వలేదట.

ఏడాదిన్నర అడవిలో ఉన్నాను. వేల చెట్లకి ఎర్రచుక్కలు పెట్టాను. వాన కురిసే సాయంత్రాలు మాత్రం ఏ పనీ సాగేది కాదు. నెలకొకసారి ఆఫీసు అడ్రసుకి ఆమె ఉత్తరం వచ్చేది. నాలుగు లైన్లుండేది. ఒకదాంట్లో ఇలా రాసింది: "మీ వాటాలో ఎవరూ దిగలేదు. గోడ అవతల ఏ చప్పుడూ లేదు. ఇంత నిశ్శబ్దం నేను అడగలేదండీ."

ఆ ఉత్తరం జేబులో పెట్టుకునే బదిలీకి దరఖాస్తు రాశాను.

రాజమండ్రికి బదిలీ అయ్యాక పెళ్ళికి నోటీసిచ్చాం. రిజిస్ట్రారు ఆఫీసులో ముగ్గురు సాక్షులు కావాలన్నారు. చంద్రరావుగారు వచ్చారు, మా గుమాస్తా అబ్బులు వచ్చాడు. మూడో మనిషి వస్తానని రాలేదు. పన్నెండు దాటితే మళ్ళీ ఎప్పుడో అన్నాడు రిజిస్ట్రారు. మీనాకుమారి రోడ్డువైపు చూస్తూ నిలబడింది. ఇంట్లో చెప్పే వచ్చింది. ఎవరూ వస్తాననలేదట.

అప్పుడు అకాల వానలో ఒక రిక్షా వచ్చి ఆగింది. అమ్మణ్ణిగారు చీరకుచ్చిళ్ళు పైకి పట్టుకుని దిగారు.

"మీరేమవుతారండీ?" అన్నాడు రిజిస్ట్రారు.

"దాని నాయనమ్మని. గోడ మాట మూడుసార్లు విన్నాను నాయనా, పిల్లని మాత్రం ఒక్కసారి అడగలేదు. అడగడానికి ఏడాదిన్నర పట్టింది నాకు. నిన్న రాత్రి అన్నం పెడుతూ అడిగాను. ఇంక ఎక్కడ సంతకం పెట్టాలో చూపించు."

ఒక్కో అక్షరం కూడబలుక్కుని రాశారావిడ. పన్నెండు దాటింది. రిజిస్ట్రారు గడియారం వైపు చూడలేదు.

అమ్మణ్ణిగారు ఇప్పుడు లేరు. నాకు మీదగ్గర ఒక్కటే కోరిక. మీ ఇంట్లో పెద్దలు చేరి ఏ ఆడపిల్ల పెళ్ళిమాటలైనా మాట్లాడుకుంటున్నప్పుడు, ఆర్యాపురం అమ్మణ్ణిగారిని ఒక్కసారి తలుచుకోండి.