బోధాంకం తొంభై ఆరు

పేర్రాజు మణికట్టుకి పట్టీ బిగించి, దాని మీద పచ్చదీపం వెలిగాక ఆసుపత్రి బోధకురాలు సువార్త మొదటి ప్రశ్న వేసింది. రోజుకి ఎంత ఉప్పు తినొచ్చు?

రెండు గ్రాములని ప్రశ్న పూర్తికాకముందే అనేశాడు పేర్రాజు. నీళ్ళు లీటరు, అరటిపండు కూడదు, కాళ్ళు వాస్తే అదే రోజు రావాలి. ఇరవై ప్రశ్నలూ అలాగే గడిచాయి. గోడలో అమర్చిన శ్రోత అనే యంత్రం అతని నాడినీ, కనుపాపనూ, గొంతులో తడబాటునూ తూచి, చెప్పింది ఎంత అర్థమైందో ఫలితం ఇచ్చింది. బోధాంకం తొంభై ఆరు. నాలుగుసార్లు ఆసుపత్రిలో చేరి, నాలుగుసార్లూ తొంభై ఆరే తెచ్చుకున్నాడు. బడిలో ఇన్ని మార్కులు ఏనాడూ రాలేదని అతనికి లోలోపల మురిపెం.

కాళ్ళు మాత్రం స్తంభాల్లా ఉన్నాయి.

సముద్రం కరకట్ట దాటి వచ్చాక తీరనగరంలో మూత్రపిండాలు బాగున్నవాళ్ళు అరుదైపోయారు. జనానికి అవగాహన లేకపోవడమే కారణమని పైవాళ్ళు తేల్చి, అరవై నాలుగు బోధగదులు కట్టించారు. నిరుడు ఆసుపత్రికి 'సంపూర్ణ అవగాహన' ఫలకం వచ్చింది. దాన్ని తగిలించడానికి ఖాళీ గోడ లేక, కొత్తగా లేపిన మూడో డయాలసిస్ అంతస్తులో తగిలించారు.

నిబంధన సూటిగా ఉంటుంది. అర్థం కాని రోగి మళ్ళీ చేరితే తప్పు ఆసుపత్రిది. ఆ చేరిక రోగి లెక్కలోకి రాదు. అర్థమయ్యాక కూడా ఐదోసారి చేరితే అతను శ్రద్ధాహీనుడు. అతని డయాలసిస్ మంచం ఇంకొకరికి పోతుంది. పేర్రాజుకి ఇది నాలుగో డిశ్చార్జి. నెల తిరక్కుండా మళ్ళీ వస్తాడని ఆ కాళ్ళు చూస్తే సువార్తకి తెలుస్తూనే ఉంది. శ్రోత కాళ్ళు చూడదు.

ఆరేళ్ళ ఉద్యోగంలో మొదటిసారి ఆమె ప్రశ్నల పట్టికలో లేని ప్రశ్న అడిగింది.

"మీ ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుంటుంది బాబాయ్‌గారూ?"

"వంటింట్లో."

"వంటింట్లో ఎక్కడ?"

పేర్రాజు పచ్చదీపం వైపు చూశాడు, అక్కడేమైనా రాసుందేమోనని. "నాకేం తెలుస్తుందమ్మా. అయ్యన్నీ మా భూషణం చూసుకుంటది."

భూషణం అద్దం తలుపు అవతల బల్ల మీద ఉంది. ఆ బల్ల నిండా భార్యలే, ఒకరిద్దరు తల్లులు. ప్రతి ఒడిలోనూ ఒక అన్నం క్యారేజీ. రోగి జబ్బు రోగికి తప్ప మరొకరికి చెప్పరాదని ఏకరహస్య నియమం. పొయ్యి వెలిగించడం రాని మగవాళ్ళకి గ్రాములు వల్లెవేయించి, వండేవాళ్ళని బయట కూర్చోబెట్టారు. రోజూ ఇంటికెళ్ళి నలుగురికి వండే సువార్తకి కూడా ఇన్నాళ్ళూ ఇది తట్టలేదు.

ఆమె గడియ తీసింది. రెండో వ్యక్తి, నియమభంగం అని శ్రోత మెత్తగా హెచ్చరించింది. సువార్త వినపడనట్టే ఉండి, భూషణాన్ని క్యారేజీతో సహా లోపల కూర్చోబెట్టింది.

కూరలో ఉప్పెంత వేస్తారని అడిగితే భూషణం నొచ్చుకుంది. తన ఇంట్లోకి ఉప్పు వచ్చి మూడేళ్ళయిందని, ఆ డబ్బాలో ఇప్పుడు చొక్కా గుండీలు పోసుకుంటున్నానని చెప్పింది. అయినా ఆయన ఒక్కనాడు చప్పగా ఉందని వంక పెట్టలేదట. అది తన చేతి చలవేనని ఆమె నమ్మకం.

సువార్త క్యారేజీ మూత తీసి రెండు మెతుకులు నోట్లో వేసుకుంది. ఉప్పగా ఉన్నాయి.

"ఏ నీళ్ళతో వండుతారు పిన్నిగారూ?"

"గొట్టం నీళ్ళే. అందులో ఎలాగూ ఉప్పదనం ఉంటది, ఇంక వేరే వెయ్యక్కర్లేదు. రేషను తీపినీళ్ళు ఆయన తాగడానికేనమ్మా. వంటకి చుక్క ముట్టను."

"రోజుకి మూడు లీటర్లు ఇస్తారు కదా. ఆయన తాగేది లీటరు. మిగతావి?"

"దాస్తాను." భూషణం గొంతులో కొంచెం గర్వం. "ఆయనకి మరీ బాగోని రోజొస్తే ఉంటాయని. మంచం కింద నాలుగు బిందెలున్నాయి. పాతబడినవి కరివేపాకు మొక్కకి పోసి, మళ్ళీ కొత్తవి నింపుతాను."

అన్నంలో, పప్పులో, చారులో కలిసి ఆ గొట్టం నీళ్ళ ఉప్పు రోజుకి ఎంతవుతుందో సువార్త వేళ్ళ మీద లెక్కవేసి చెప్పింది. తీపినీళ్ళు వంటకి వాడాలంది. అంతా విన్నాక భూషణం క్యారేజీ మూత నెమ్మదిగా బిగించింది.

"అయితే మూడేళ్ళూ ఆ ఉప్పు నేనే పెట్టాను."

పేర్రాజు తన పట్టీ ఊడదీసి, భార్య మణికట్టుకి కట్టబోయాడు. కొక్కెం పెట్టడం చేతకాక మూడుసార్లు జారింది. "ఈవిణ్ణి అడగండమ్మా. నేనేం వండుతానా."

సువార్త ఇరవై ప్రశ్నలూ మొదటినుంచి వేసింది. భూషణానికి ఎవరూ ఏనాడూ చెప్పని సంగతులవి. బోధాంకం పదకొండు.

అరవై నాలుగు గదుల్లో శ్రోత అంత తక్కువ అంకం ఎన్నడూ చూడలేదు. దీపం పసుపు రంగుకి మారింది. ఈ అంకం రోగిదేనా అని శ్రోత తెర మీద ప్రశ్న. కాదంటే తొంభై ఆరు నిలుస్తుంది, పేర్రాజు మళ్ళీ చేరిన రోజు మంచం పోతుంది. అవునంటే మంచం దక్కుతుంది, కానీ అది అబద్ధం; సువార్త ఉద్యోగం పోతుంది, ఆసుపత్రి ఫలకం కూడా దిగుతుంది.

సువార్త అవును నొక్కింది.

తెర మీద చక్రం చాలాసేపు తిరుగుతూనే ఉంది. ఆమె తర్వాతి రోగి పేరు పిలవలేదు. తలుపు బార్లా తీసి, బల్ల వైపు చూసి అంది.

"వండేవాళ్ళు ముందు రండమ్మా. క్యారేజీలు తెచ్చుకోండి."