బయటోళ్ళ చెయ్యి పడని కారు

"అన్నా, పది నంబరు స్పానర్ ఇయ్యి. రిపేరు నేనే చేసుకుంటా."

ధర్మవరం బైపాసు పక్కన ఓబులేష్‌ది మెకానిక్ షెడ్డు. వాడి దగ్గరే యాక్సిలరేటర్ కేబుల్ కొని, వాడి స్పానరే అప్పడిగి, వాడి ముందే బానెట్టులో తల దూర్చిన మనిషిని వాడు మొదటిసారి చూస్తున్నాడు.

"మెకానిక్‌ను ఎదురుగా పెట్టుకోని సొంత రిపేరా మేడం? హోటలుకొచ్చి పొయ్యి అడిగినట్టుండాది."

"మా కారు మీద బయటోళ్ళ చెయ్యి పడదు. అది మా నాయన రూలు."

నాయన పేరు తిప్పయ్య. పట్టుచీరలు నేస్తాడు. ఆ చీరలను పాత తెల్లకారులో వేసుకుని ఊరూరా తిరిగి, షావుకారు ప్రమేయం లేకుండా అమ్మేది ఈ అమ్మాయి, మల్లీశ్వరి. రిపేర్లు ఫోనులో వీడియోలు చూసి నేర్చుకుంది. ధైర్యం మాత్రం పుట్టుకతోనే ఉంది.

ఆమె కేబుల్‌ను బిర్రుగా లాగి బిగిస్తుంటే ఓబులేష్ ఊరుకోలేకపోయాడు.

"అంత బిగువు ఒద్దు. కొంచెం వదులుండాల."

"మగ్గం మీద దారం వదులైతే చీర చెడతాది."

"ఇది మగ్గం కాదు మేడం, ఇంజను."

ఆమె తాళం తిప్పింది. పెడల్ తొక్కకముందే కారు గుర్రుమంది.

"చూడు, అప్పుడే అరుస్తాండాది!"

"హుషారుగా ఉండాదిలే అన్నా" అంటూ మల్లీశ్వరి వెళ్ళిపోయింది. స్పానర్ కూడా ఆమెతోనే వెళ్ళిపోయింది.

దాన్ని తిరిగిచ్చేందుకు వచ్చినప్పుడు ఇంకోటి పట్టుకెళ్ళింది. అదిచ్చి మరోటి. వచ్చినప్పుడల్లా బానెట్టు ఆమెదే, సలహా వాడిదే, గొడవ ఇద్దరిదీ. ఆమె కారు చప్పుడు వినగానే ఓబులేష్ చేతులు కడుక్కుని జుట్టు సర్దుకునేవాడు. ఆమె 'అన్నా' అన్నప్పుడు మాత్రం పంటికింద రాయి పడ్డట్టుండేది.

ఈలోగా కారు ఒకసారి కదిరి దారిలో మొరాయించింది. తిప్పయ్య ట్రాక్టరు తీసుకుపోయి, దాన్ని కట్టి లాక్కొచ్చాడు. వీధి వీధంతా చూసి నవ్వింది.

"ఇంకొకసారి దీన్ని ఎవరన్నా లాక్కొచ్చినారంటే అమ్మేస్తా" అని ఆ రోజే తేల్చేశాడు. "చీరలు మళ్ళా షావుకారుకే ఇద్దాం."

కారు పోతే తన వ్యాపారమూ పోయినట్టేనని మల్లీశ్వరికి తెలుసు.

సరిగ్గా అలాంటప్పుడే కళ్యాణదుర్గం నుంచి వస్తుంటే పెడల్ ఒక్కసారిగా పాదం కింద చచ్చుబడిపోయింది. రెండు పక్కలా వేరుశనగ చేలు. మనుషుల జాడ లేదు. అటుగా వచ్చిన షేర్ ఆటో ఒకటి ఆగింది. అందులోంచి పనిముట్ల సంచితో ఓబులేష్ దిగాడు. కళ్యాణదుర్గంలో ఎవరిదో ట్రాక్టరు బాగుచేసి వస్తున్నాడు.

"కేబుల్ తెగిందా?"

"తెగింది. చెప్పినా కదా అని మాత్రం అనొద్దు."

"నేనేమన్నా?"

"నీ మొగం అంటాండాది!"

ఓబులేష్ నవ్వు ఆపుకున్నాడు. "కొత్త కేబుల్ షెడ్డులో ఉండాది. ట్రాక్టరు పిలిపిస్తా, కట్టి లాక్కుపోదాం."

"ఒద్దు!" అంది మల్లీశ్వరి. నాయన మాట చెప్పింది. చెబుతుంటే కళ్ళు నిండాయి. గ్రీసు చేత్తోనే తుడుచుకుంది. నల్లటి చార పడిన ఆ చెంపను చూసి, ఈ కారును ఎట్లాగైనా ఇల్లు చేర్చాలని ఓబులేష్ గట్టిగా అనుకున్నాడు.

కానీ దారి తోచింది ఆమెకే. వెనక సీటులో నాయన మగ్గం కోసం కొన్న పట్టునూలు కట్టలున్నాయి.

"కేబుల్ లాగే ఆ మీటను దారంతో లాగితే?"

వాడు ఆలోచించాడు. "లాగొచ్చు. బానెట్టు సందులోంచి కిటికీ దాకా తేవాల. అయితే ఒకరు లాగాల, ఒకరు నడపాల."

"నేను నడుపుతా."

ఆమె నూలును పేటలు పేటలుగా పురిపెట్టి తాడు చేసింది. మీటకు ముడి తనే వేసింది. రెండో కొస వాడి చేతికిచ్చి, "కారు మీద చెయ్యి పెట్టొద్దు. దారం మీదే పెట్టు" అంది.

"లాగు!"

లాగాడు. కారు ఎగిరి దూకింది.

"ఇడువు, ఇడువు! అంత బిగువేందప్పా? కొంచెం వదులుండనీ!"

"ఈ మాట యాడనో విన్నట్టుండాదే!"

మల్లీశ్వరికి నవ్వాగలేదు. లాగు, ఇడువు, లాగు, ఇడువు. కొంత దూరం పోయేసరికి ఆమె చెప్పకముందే వాడికి అర్థమవసాగింది.

అప్పుడు వాన మొదలైంది. ఆ సీమకు చుట్టపుచూపుగా వచ్చే వాన, ఆ రోజు మాత్రం తీరిగ్గా కురిసింది. దారం కోసం తెరిచిన కిటికీని మూయడానికి లేదు. ఓబులేష్ ఎడమపక్క తడిసి ముద్దయ్యాడు, కుడిపక్క పొడిగా ఉన్నాడు.

"రోడ్డు చూడు మేడం."

"చూస్తాండా."

"నన్ను చూస్తాండావు."

"లాగు అన్నా, గడ్డ వస్తాండాది!"

వాడు దారం వదిలేశాడు. కారు ఆ ఎత్తు మొదట్లోనే ఆగింది.

"అన్నా అంటే నేను లాగను."

"మరేమనాల?"

"పేరుండాది కదా." వాడు ఆగకుండా మిగిలింది కూడా అనేశాడు. "నువ్వంటే నాకిష్టం మల్లీశ్వరీ. నువ్వు మొదటి స్పానర్ ఎత్తుకుపోయిన కాడనుంచి."

 ఆమె ముందు అద్దం వైపే చూస్తూ అంది.

"మా ఇంట్లో స్పానర్ల సెట్టే ఉండాది."

"మరి నా కాడికెందుకు..." అని ఓబులేష్ మధ్యలోనే ఆగిపోయాడు.

"ఇప్పుడు తెలిసిందా? లాగు, ఓబులేష్."

కారు గడ్డెక్కింది.

ఇంటి ముందు తిప్పయ్య నిలబడి ఉన్నాడు. కారు తనంతట తానే వచ్చి ఆగింది. ఆయన కిటికీలోంచి వచ్చిన దారాన్ని బొటనవేలితో మీటి చూశాడు.

"ముడి నీదేనా?"

"నాదే నాయనా. కేబుల్ తెగింది కూడా నేను బిగువుగా కట్టినందుకే. కానీ ఎవురూ లాక్కురాలేదు. నడుపుకోనే వచ్చినాం."

"వచ్చినాం అంటే? ఎవురీ పిల్లోడు? మన కారు మీద బయటోళ్ళ చెయ్యి పడకూడదని చెప్పినా కదా?"

ఓబులేష్ తల వంచుకుని చేతికి చుట్టుకున్న దారం విప్పబోయాడు. అరచేయంతా ఎర్రగా కమిలిపోయి ఉంది. మల్లీశ్వరి ఆ చేతిని పట్టుకుని ఆపింది.

"బయటోళ్ళు యాడుండారు నాయనా ఈడ?"

తిప్పయ్య కూతురి చేతిని చూశాడు, దాని కింద కమిలిన చేతిని చూశాడు.  తర్వాత లోపలికి తిరిగి భార్యను కేకేశాడు.

"ఆంజినమ్మా, తుండుగుడ్డ తీసుకురా. పిల్లోడు నానిపోయినాడు."

గుమ్మం దాకా పోయి ఓబులేష్ వైపు తిరిగాడు.

"రేపు కొత్త కేబుల్ నువ్వే వెయ్యప్పా. కొంచెం వదులు పెట్టు. మా పిల్లకు బిగువు తప్ప ఏమీ తెలీదు."

"స్పానర్ నేను తెస్తా" అంది మల్లీశ్వరి.